రైలెక్కిన స్కేట్‌బోర్డు

ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్ టీ కొట్టు ముందు నిలబడి "సార్" అని ఒక్క కేక పెడితే పదకొండు మంది తిరిగి చూసేవాళ్లు. పన్నెండోవాణ్ణి నేను. నేను మాత్రం తిరిగేవాణ్ణి కాదు. నన్ను సార్ అనేవాడు ఆ కొండ మీద ఇంకా పుట్టలేదని నాకు తెలుసు. ఇప్పుడు తలచుకుంటే ఆ రోజులే నయమనిపిస్తుంది. మనిషి చెప్పే అబద్ధానికి ఎదురు చెప్పే యంత్రాలు అప్పుడు తక్కువ. ఇప్పుడో, జేబులో ఒకటి, మణికట్టుకు ఒకటి, కారులో ఒకటి. ఎక్కడున్నావు, ఎంత వేగంగా వెళ్లావు, ఎన్ని అడుగులేశావు అని చిత్రగుప్తుడికి కూడా లేనంత ఓపికతో రాసుకుంటున్నాయి. ఈ పాపంలో నాకూ కొంచెం వాటా ఉంది. జూబ్లీ హిల్స్ కొండల్లో అలాంటి యంత్రాన్ని మొట్టమొదట తయారుచేసినవాణ్ణి నేనే. (మొట్టమొదట కాకపోవచ్చు. కానీ ఇంకెవడైనా వచ్చి అడిగేదాకా మొట్టమొదటే.)

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉంది, చొక్కాకి టంకం వాసన ఉంది, ఉద్యోగం మాత్రం లేదు. ఎర్రగడ్డలో మా ఇల్లు. నాన్న లెక్కల మాస్టారు. మా మేనమామ ఒక నిర్మాతగారి దగ్గర ప్రొడక్షన్ మేనేజరు, అంటే షూటింగుకి ఇడ్లీ కావాలన్నా ఏనుగు కావాలన్నా తెచ్చి నిలబెట్టవలసిన మనిషి. ఆయనే నన్ను "మావాడు వైర్లూ గీర్లూ బాగా అతుకుతాడండీ" అని అక్కడ చేర్పించాడు. చేర్చిన రోజునే నాన్న గడువు పెట్టారు. "వచ్చే దసరాకి ఆ సినిమా వస్తుందంటున్నారుగా. అందులో నీ పేరు తెర మీద కనపడాలి. కనపడిందా, నీ ఇష్టం. లేదా, మా స్నేహితుడి ఇన్వర్టర్ల కొట్లో ఒక స్టూలు ఖాళీగా ఉంది. నోరు మూసుకుని దాని మీద కూర్చోవాలి." అమ్మ అయితే గడువు కూడా పెట్టలేదు. నా పేరు తెర మీద పడబోతోందని వీధి చివరి కూరగాయల ఆవిడతో సహా అందరికీ ముందే చెప్పేసింది. అలా నా జీవితం మొత్తం ఒక్క టైటిల్ కార్డు మీద వేలాడుతూ ఉండేది.

ఆ సినిమా నిర్మాతగారబ్బాయిని హీరోగా పరిచయం చేయడానికి తీస్తున్నది. అతణ్ణి అందరం చిన్నబాబు అనేవాళ్లం. ఆరడుగుల మనిషి. అందగాడే. లోపమల్లా ఒక్కటే, నిద్ర. డైరెక్టరుగారు హీరో ప్రవేశం స్కేట్‌బోర్డు మీద పెట్టారు. జూబ్లీ హిల్స్ పల్లం మీద నుంచి హీరో దూసుకొస్తుంటే, బోర్డు ముందు భాగంలో ఎర్రటి అంకెల్లో నిజమైన వేగం కనపడాలట. "గ్రాఫిక్స్ వద్దు. నిజం కావాలి నాకు, నిజం!" అని బల్ల గుద్దారు. (సినిమా ఆఫీసులో ఆ మాట వినడం నాకదే మొదలు, అదే చివర.) మామయ్య నా వీపు మీద చెయ్యేసి ముందుకు తోశాడు.

బయటికొచ్చాక నిర్మాతగారు నన్ను పక్కకి పిలిచారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, నుదుట నిలువు బొట్టు. మాటలో భీమవరం అలాగే ఉంది. "ఏం అబ్బాయ్, వేగం ఒక్కటేనా, మనిషి ఎక్కడున్నాడో కూడా చెబుతుందా ఆ బోర్డు?"

"చెబుతుందండీ. ఉపగ్రహాల నుంచి తెలుసుకుని ఫోనుకి మెసేజ్ పంపిస్తుందండీ."

"అయితే ఆ మెసేజ్ నా ఫోనుకి రావాలి. పొద్దున్నే అయిదింటికి లేచి ప్రాక్టీసు చేస్తానంటున్నాడు మావాడు. తండ్రిని కదా, నమ్మాలనే ఉంది." గొంతు తగ్గించి, "వాడికి తెలియక్కర్లేదు" అన్నారు.

తయారీకి నాకు తోడు దొరికినవాడు బోరబండ నుంచి వచ్చే వెల్డింగన్న. సెట్లకి ఇనుప చట్రాలు చేసేవాడు. నలభై ఏళ్లు, బొద్దు మీసం, ఏ పనైనా ఇనుముతోనే చెయ్యాలని నమ్మకం. పాత రాజదర్బారు సెట్‌లో సింహాసనానికి వెనక కొట్టిన చెక్క పలక తీసి కోశాం. "చెక్క ఇరిగితే పోరగాడు పడ్తడు తమ్మీ" అని ఆయన దాని కింద ఒక ఇనుప రేకు అతికించాడు. దాని కింద బలానికి ఇంకో రేకు. స్కేట్‌బోర్డంటే ఒక చేత్తో చంకలో పెట్టుకుని వెళ్లేది అని నేను బొమ్మల్లో చూశాను. మాది ఎత్తాలంటే ఇద్దరు కావాలి, దించాలంటే ముగ్గురు. ఎలక్ట్రానిక్ సరుకంతా అమ్మ స్టీలు టిఫిను డబ్బాలో అమర్చాను. స్టీలులోంచి ఆకాశం కనపడదన్న సంగతి నాకు డిప్లొమాలో చెప్పారు కానీ నేనా రోజు వెళ్లినట్టు లేదు. మొదటి మెసేజ్‌లో అన్నీ సున్నాలే వచ్చాయి. వాటిని పటంలో వేసి చూస్తే నేను ఆఫ్రికా పక్కన నడి సముద్రంలో ఉన్నాను. ఇంటికెళ్లి చెబితే అమ్మ నా ప్యాంటు అంచులు పట్టుకు చూసి, "తడవలేదే" అంది. చివరికి ప్లాస్టిక్ ఆవకాయ డబ్బాలోకి మార్చాక ఉపగ్రహాలు నన్ను ఫిల్మ్ నగర్‌లో గుర్తుపట్టాయి. ఎన్నిసార్లు కడిగినా ఆ డబ్బాకి ఆవపిండి ఘాటు పోలేదు. బోర్డు వెళ్లిన దారంతా ఆకలేసేది.

సినిమావాళ్లు కొత్త చక్రం దేన్నయినా పూజ చేయకుండా కదలనివ్వరు. మామయ్య బోర్డుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేసి, కారుకి పెట్టినట్టే నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. ఇక్కడ ఒక చిక్కుంది. కారు చక్రం నిమ్మకాయని తొక్కుతుంది. మా చక్రం కన్నా నిమ్మకాయే పెద్దది. చిన్నబాబు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కెమెరాల వైపు చెయ్యూపి, కుడికాలు బోర్డు మీద పెట్టాడు. నిమ్మకాయలు నాలుగు దిక్కులకీ వెళ్లాయి. బోర్డు ఐదో దిక్కుకి వెళ్లింది. చిన్నబాబు మాత్రం ఉన్నచోటే కూర్చున్నాడు, కాస్త గట్టిగా. ఎర్రటి అంకెల్లో '3' అని కనిపించింది. డైరెక్టరుగారు "పని చేస్తోంది!" అని చప్పట్లు కొట్టారు.

ఆ దెబ్బతో చిన్నబాబుకి బోర్డంటే వణుకు పట్టుకుంది. అయినా "రోజూ అయిదింటికి ప్రాక్టీసుకి వెళ్తున్నా నాన్నా" అనే చెప్పేవాడు. నిర్మాతగారి ఫోనుకి వచ్చిన మెసేజ్‌లు వేరేలా ఉండేవి. నా పని ఏమిటంటే, పొద్దున్నే జూబ్లీ హిల్స్‌లో వాళ్లింటికి వెళ్లి, ఆయన టిఫిన్ చేస్తుంటే పక్కన నిలబడి, మెసేజ్‌లో అంకెల్ని కంప్యూటర్ పటంలో వేసి, పంచాంగం చదివినట్టు చదవడం. మొదటి రోజు: వేగం సున్నా, స్థలం మన ఇల్లే. రెండో రోజు: వేగం సున్నా, స్థలం మన ఇల్లే. నిర్మాతగారు పెసరట్టు మీంచి తలెత్తి మేడ వైపు చూసేవారు. మేడ మీద చిన్నబాబు గది ఏసీ నుంచి నీళ్లు చుక్కా చుక్కా కారుతుండేవి. "లేచి వెళ్లేటప్పుడు ఏసీ ఆపడం మర్చిపోతున్నాడల్లే ఉంది" అనేవారు. తండ్రి కదా.

మూడో రోజు చిన్నబాబు నన్ను గ్యారేజీలోకి లాగాడు. "బ్రో, నాన్న నన్ను అదోలా చూస్తున్నాడు. నీ బోర్డు నా మీద చాడీలు చెబుతోందా?"

నేను నేల చూశాను. నేల చూడటమే జవాబు.

"ఒక హెల్ప్ చెయ్ బ్రో. ఫైట్‌కి డూప్ పెడతారు కదా. బైకు దూకడానికి డూప్ పెడతారు. డాన్సులో కాళ్లకి కూడా డూప్ పెడతారు. ప్రాక్టీసుకి పెడితే తప్పేంటి? నువ్వు చేస్తే నీ పేరుకి సెపరేట్ కార్డు. తెర మీద నువ్వొక్కడివే. నా మాట."

చదివేవారు నన్ను క్షమించాలి. ఆ క్షణంలో నాకు నీతి కనపడలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో నా పేరు, హాల్లో అమ్మ, ఇన్వర్టర్ల కొట్లో ఖాళీగా మిగిలిపోయిన స్టూలు కనపడ్డాయి. పైగా సినిమా కొండ మీద డూప్ అనేది మోసం కాదు, పద్ధతి. హీరో బద్ధకానికి డూప్ పెట్టడం మాత్రం చరిత్రలో అదే మొదలనుకుంటాను.

డూప్ ఎవరంటే వెల్డింగన్న. "గింతేనా? నా మోపెడ్ ముందట ఏస్కుని తిరుగుత. జర ఫికర్ జెయ్యకు తమ్మీ" అన్నాడు. మర్నాటి నుంచి ఆయన తెల్లవారుతుండగా బోర్డుని మోపెడ్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని జూబ్లీ హిల్స్ రోడ్లన్నీ చుట్టబెట్టాడు. ఆ ఇనుము బరువుకి మోపెడ్ ముందుకు వంగి, దణ్ణం పెడుతూ నడిచేది. నేను పంచాంగం చదివేవాణ్ణి: వేగం ఇరవై ఎనిమిది, స్థలం గుడి దగ్గర పల్లం. వేగం ముప్పై ఆరు, చెక్‌పోస్టు వైపు. నిర్మాతగారు ఆ రోజు మూడో పెసరట్టు తిన్నారు. వారం తిరిగేసరికి ఆ అంకెలు వాళ్ల బంధువుల్లో, ఫిల్మ్ నగర్ క్లబ్బులో, జ్యోతిష్కుడి దగ్గర అంతటా తిరిగాయి. "మావాడు స్కేటింగు పలక మీద ముప్పై ఆరు కొడుతున్నాడండీ. ఎత్తు మీదకి కూడా ముప్పై రెండు!" ఎత్తు మీదకి పలక ఎలా వెళుతుందని ఎవరూ అడగలేదు. ఆయన సినిమాలో వేషం కావలసినవాళ్లే అందరూ.

ఒక ఆదివారం వచ్చింది. ఎండాకాలం. వెల్డింగన్న ముందు రోజే లింగంపల్లిలో అత్తగారింటికి వెళ్లాడు, బోర్డు తీసుకుని. ఎందుకు తీసుకెళ్లాడో తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, నిర్మాతగారు రెండో ఇడ్లీ చట్నీలో ముంచుతుండగా ఫోను కూసింది, నేను పటం తెరిచాను, పటంలో చుక్క లింగంపల్లిలో ఉంది.

"అంత దూరం వెళ్లాడా!" అన్నారాయన గర్వంగా. "వేగం?"

అంకెని రెండుసార్లు చూసుకున్నాను. "అరవై నాలుగండీ."

ఇడ్లీ చట్నీలోనే ఉండిపోయింది. మామయ్య నా భుజం మీంచి వంగి చూశాడు. "ఒరేయ్, ఈ నల్లగీత ఏంట్రా? ఇది రైలు పట్టా కదరా!"

ఆ తర్వాత జరిగింది నేను వర్ణించలేను. (వర్ణిస్తాను.) చిన్నబాబు వాళ్లమ్మగారు "నా బంగారు తండ్రీ!" అని కేకపెట్టి దేవుడి గదిలోకి పరిగెత్తారు. నిర్మాతగారు చెయ్యి కడుక్కోకుండానే కారెక్కారు. ముందు సీట్లో డ్రైవరు పక్కన మామయ్య, వెనక ఆయన పక్కన ఒళ్లో కంప్యూటరుతో నేను. చిన్నబాబు ఫోనుకి చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. నేను చాటుగా వెల్డింగన్నకి చేస్తున్నాను, అదీ మోగుతోంది, ఎత్తడం లేదు. కారు గేటు దాటుతుంటే మేడ మీద ఏసీ నీటిచుక్క ఒకటి సరిగ్గా అద్దం మీద పడింది. ఎవరూ చూడలేదు. నేను చూశాను.

"చదువు అబ్బాయ్!"

"యాభై ఎనిమిదండీ. బోరబండ వైపు వస్తున్నాడండీ."

"పట్టాల మీద పలకేసుకుని ఏం చేస్తున్నాడయ్యా వాడు?"

"నున్నగా ఉంటాయి కదండీ పట్టాలు" అన్నాడు మామయ్య. సమాధానం లేని ప్రశ్న ఉండకూడదు ఆయనకి. ప్రొడక్షన్ మేనేజరు బుద్ధి.

మళ్లీ కూత. "సున్నా అండీ" అన్నాను.

"ఆగాడా? పడ్డాడా?"

"అలిసిపోయి ఆగుంటాడండీ" అన్నాడు మామయ్య.

రెండు నిమిషాలకి యాభై రెండు. నిర్మాతగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. మళ్లీ సున్నా. దణ్ణం గుండె మీదకి జారింది. ప్రతి స్టేషనులోనూ రైలు ఆగుతోంది, ప్రతి ఆగడానికీ ఒక తండ్రి పోయి, ప్రతి కదలడానికీ ఒక తండ్రి బతుకుతున్నాడు. బోరబండ ఎక్కే దారిలో ఒక నీళ్ల ట్యాంకరు అడ్డంగా నిలబడి, కారు ఆగిపోయింది. అప్పుడాయన చట్నీ అంటిన చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు.

"అబ్బాయ్, వాడికి ఆ పలకంటే భయమని నాకు తెలుసయ్యా. పూజ రోజే కళ్లల్లో చూశాను. హీరో కావాలని వాడికి లేదు, నాకుంది. నేను నమ్మటంలేదని పౌరుషానికి పోయి పట్టాలెక్కాడు. వాడికేమైనా అయితే..." అని ఆగిపోయారు. అంత పెద్ద మనిషి, అరడజను సినిమాలు పోయినా చెక్కుచెదరలేదని చెప్పుకునే మనిషి, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి బాగాలేక భుజంతో తుడుచుకున్నారు.

నా కళ్ల ముందు ఆ టైటిల్ కార్డు మళ్లీ కనపడింది. నల్లటి తెర. తెల్లటి అక్షరాలు. చూస్తుండగానే ఒక్కొక్క అక్షరం ఊడి కింద పడింది. "అయ్యా, అది చిన్నబాబు కాదండీ" అనేశాను. "చిన్నబాబు మేడ మీద నిద్రపోతున్నారండీ. పది రోజుల నుంచీ బోర్డుని మా వెల్డింగన్న తిప్పుతున్నాడండీ. ఇప్పుడు రైల్లో వస్తున్నట్టున్నాడండీ. తప్పు నాదేనండీ."

మామయ్య వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపులో మా అమ్మ పుట్టింటి వంశమంతా ఉంది. నిర్మాతగారు మాత్రం నా చెయ్యి నిమిరారు. "మంచి మనసయ్యా నీది. నన్ను ఓదార్చడానికి ఎంత కథ అల్లావు!"

నా జీవితంలో నేను గుండె చిక్కబట్టుకుని చెప్పిన మొట్టమొదటి నిజం అది. దాని గతి అదయింది.

మేం బోరబండ స్టేషనులోకి పరిగెత్తేసరికి రైలు వచ్చి వెళ్లిపోతోంది. ఫోను కూసింది. "నాలుగండీ" అన్నాను. తలెత్తి చూస్తే ప్లాట్‌ఫాం మీద గంటకి నాలుగు కిలోమీటర్ల వేగంతో ఒక పెద్ద తెల్లటి ఎయిర్ కూలరు మా వైపు వస్తోంది. దాని కింద మా బోర్డు. దాని ముందు తాడు లాగుతూ, చెమటలు కక్కుతూ వెల్డింగన్న. అత్తగారిచ్చిన కూలరు ఇంటికి చేర్చుకోవడానికే ఆయన బోర్డు పట్టుకెళ్లింది.

"అరె, సార్!" అన్నాడు మమ్మల్ని చూసి, ఉబ్బితబ్బిబ్బై. "నా కూలర్ కోసం మీరు కార్ దీస్కొని వచ్చిండ్రా? ఎందుకు సార్ గింత తక్లీఫ్, నేనే గుంజుకపోతుంటి గద!"

"మావాడేడయ్యా?" అన్నారు నిర్మాతగారు, ఊపిరి అందక.

"చిన్నబాబా? గాయన పండుకున్నడు గద సార్ ఇంట్ల. నేను గాయన డూప్‌ని."

"రోజూ నువ్వేనా?"

"నేనే సార్. మొన్న ముప్పయ్యారు కొట్టిన. మోపెడ్‌ల గాలి తక్కువుండె, లేకుంటె నలభై కొడుతుంటి."

నిర్మాతగారు ప్లాట్‌ఫాం బెంచీ మీద కూలబడ్డారు. ఇంటికి ఫోన్ చేసి మేడ మీది గది తలుపు కొట్టించారు. అవతల చిన్నబాబు ఆవులింత నాకు కూడా వినపడింది. ఆ ఆవులింత వినగానే ఆయన ముఖంలో వెలిగిన వెలుగు నేను ఏ సినిమాలోనూ చూడలేదు. మరుక్షణం ఆ వెలుగు ఆరిపోయింది. "క్లబ్బులో అందరికీ చెప్పేశాను కదయ్యా" అన్నారు నీరసంగా. తర్వాత ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. బొట్టు చెమటకి కారిపోయేదాకా నవ్వారు. లేచి వెళ్తూ నా దగ్గర ఆగారు. "నీ పేరు వేస్తాలే. కార్లో నిజం చెప్పినందుకు. ఎక్కడ వెయ్యాలో మాత్రం నేను చూసుకుంటాను."

షూటింగు రోజున చిన్నబాబు బోర్డు మీద నిలబడ్డాడు. నలుగురు మనుషులు తాడు కట్టి లాగారు. ఎర్రటి అంకెల్లో పదకొండు పడింది. డైరెక్టరుగారు నా చెవిలో, "నిజం సరే, దాన్ని ఒక ఆరుతో హెచ్చవేయలేవా?" అన్నారు. వేశాను. తెర మీద అరవై ఆరుతో దూసుకొచ్చాడు చిన్నబాబు. ఆ ఒక్క హెచ్చవేతే తర్వాత నా వృత్తి అయింది. టంకం వదిలేసి కథలు చెప్పుకుని బతుకుతున్నాను.

దసరాకి సినిమా వచ్చింది. ఎర్రగడ్డ వీధిలో సగం మందిని వెంటేసుకుని అమ్మ హాలుకి వచ్చింది. మొదట్లో నా పేరు రాలేదు. విశ్రాంతి దగ్గర రాలేదు. శుభం పడింది, దీపాలు వెలిగాయి, జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. అప్పుడు భోజనాలవారి పేరుకీ జనరేటరు వారి పేరుకీ మధ్య, కింద నుంచి పైకి, రెప్పపాటులో నా పేరు వెళ్లిపోయింది. అమ్మ కుర్చీ ఎక్కి నిలబడి "ఆగండమ్మా, కూర్చోండి, మావాడి పేరు!" అని అరిచింది. కూరగాయల ఆవిడ ఒక్కతే చూసింది. నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఎంత వేగంతో పోయిందిరా నీ పేరు?" అన్నారు. ఇన్వర్టర్ల కొట్టు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నాకూ బొజ్జ వచ్చింది, బొజ్జతో పాటు షుగరు వచ్చింది. రోజూ ఎంత నడుస్తున్నానో లెక్కపెట్టే గడియారం ఒకటి మా ఆవిడ నా చేతికి కట్టింది. ఆ లెక్క నేరుగా ఆవిడ ఫోనుకి వెళుతుంది. రోజుకి తొమ్మిది కిలోమీటర్లు చూసి మురిసిపోతోంది. మొన్న డాక్టరమ్మ ఆ అంకెలూ, నా రక్తపరీక్ష కాగితమూ పక్కపక్కన పెట్టుకుని, "ఇంత నడిచినా షుగరు కొంచెమైనా తగ్గలేదేమండీ?" అని బుర్ర గోక్కుంది. మా ఆవిడ కూడా దిగులుగా నా వైపు చూసింది. ఆ చూపు బోరబండ ఎక్కే దారిలో కారులో ఒకసారి చూశాను. నేల చూశాను.

ఆ సాయంత్రం బోరబండ వెళ్లాను. వెల్డింగన్నకి మీసం తెల్లబడింది, మనిషి మాత్రం సన్నగా కర్రలా ఉన్నాడు. గడపలో కూలరు ఇంకా మా బోర్డు మీదే నిలబడి తిరుగుతోంది. దగ్గరికి వెళితే ఆవపిండి ఘాటు ఇంకా ఉంది. (ఉందనే చెబుతాను.) ఆయన తన మణికట్టు నుంచి నా గడియారం విప్పి నా చేతికిచ్చాడు.

"ఇగ నీది నువ్వే నడువు తమ్మీ" అన్నాడు. "నీ నడక నేను నడుస్తుంటె నాకు షుగర్ తగ్గింది. నీకెట్ల తగ్గుతది?"

కట్టుకుని బయల్దేరాను. మలుపు దాకా నడిచి, అన్న అడుగులు తీసేసి నావి చూసుకున్నాను. రెండువందల పది అడుగులు. ఆరుతో హెచ్చవేస్తే ఫరవాలేదు.